అడంగల్‌లో బీడు అని రాసిన చోట

ఏ చేలో ఏ పంట ఉందో రాసే రెవెన్యూ లెక్క అడంగల్. మా నాలుగెకరాల గురించి దాంట్లో ఒకే మాట ఉంటుంది: బీడు. పోయినేడు బ్యాంకు పని పడి ధర్మవరంలో ఆ కాగితం తీయించుకున్నాను. పంట పేరు రాసేచోట ఖాళీ, వివరం దగ్గర 'బీడు'. సంచిలో ఆ కాగితం పెట్టుకునే సాయంత్రం చేను దగ్గరికి పోయాను. గట్టు దిగీదిగకముందే కాళ్ళ దగ్గర్నుంచి కౌజు పిట్టల గుంపు బుర్రుమని లేచింది. నడుమెత్తు బోదగడ్డి. రేగుకంప మధ్యలోంచి తల బయటపెట్టిన వేప. పన్నెండేళ్ళ కిందట అక్కడ గులకరాళ్ళూ ఎర్రమట్టీ తప్ప కంటికి ఆనేదేమీ లేదు.

అప్పుడూ దానికి ఆ మాటే రాశారు. ఇప్పుడూ ఆ మాటే. నేల చచ్చినప్పుడూ లేచినప్పుడూ ఒకే పేరుతో పిలిచే లెక్క మీద నాకు చాలా కోపం ఉంది.

ముందు ఆ నేల ఎలా చచ్చిందో చెప్పాలి. మా జేజి కాపురానికి వచ్చేనాటికి అది సాగు చేను కాదు, గుట్ట కింద మిట్ట. ఎద్దులకు మేత, ఇంటికి కట్టెలు, పిల్లలకు రేగుపళ్ళు, బలుసుపళ్ళు అక్కడినుంచే వచ్చేవి. తర్వాత జిల్లా అంతా శెనక్కాయ పట్టుకుంది. నాలుగు డబ్బులు కంటబడ్డాయి. తప్పేం కాదు, మా చదువులు ఆ డబ్బుల మీదే నడిచాయి. కానీ మిట్టలు కూడా నాగలి కిందికి వచ్చాయి. అనంతపురంలో ఏడాదికి కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లు. అది కూడా చెప్పిన రోజున రాదు. దున్ని పెట్టుకుంటే వాన రాని ఏడు పైమట్టి గాలికి పోతుంది, వచ్చిన ఏడు వంకకు పోతుంది. చివరికి విత్తనం ఖర్చు కూడా రాక మా నాయన దాన్ని వదిలేశాడు. వదిలేశాక ఊరి మేకలు వచ్చాయి. ఆ పైన ప్రతి మార్చిలోనూ ఎవరో ఒకరు నిప్పు పెట్టేవాళ్ళు. కాలిన చోట తొలకరికి లేత గడ్డి తొందరగా వస్తుందని కాపర్ల నమ్మకం. గడ్డి వచ్చేది కూడా, ఏటేటా తక్కువగా.

ఉద్యోగం చేస్తూ సెలవులకు ఊరికి వచ్చే మనిషికి ఉండే ఉత్సాహం నాకూ ఉండేది. ఒక పథకం కింద మొక్కలిస్తామన్నారు. కూలీలను పెట్టి రెండు వందల గుంతలు తీయించాను. కానుగ, టేకు, గుల్‌మొహర్ నాటాం. మొదటి వేసవి ట్యాంకరుతో నీళ్ళు పోయించాను. రెండో వేసవి పోయాక లెక్కపెడితే తొమ్మిది మిగిలాయి. ఆ తొమ్మిదీ కానుగలే. తీసిన గుంతల మట్టి పక్కకు పడి, దాన్నీ వాన కొట్టుకుపోయింది.

ఆ రోజు మా చిన్నాయన గట్టు మీద గొంతుకూర్చుని అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "నాటింది చాల్లే పాపా. సెట్లు యాడికీ పోలేదు. కింద ఉండాయి. నిప్పునీ మేకల్నీ ఆపు సూద్దాం." నేను నమ్మలేదు. ఆయన లేచి మేకలు కొరికేసిన ఒక మోడు దగ్గర చేత్తో మట్టి తీసి చూపించాడు. జానెడు కూడా ఎత్తు లేని చిగర చెట్టు మోడు. కింద వేరు మాత్రం నా మణికట్టంత లావు. ఏటా చిగురు వేస్తోంది, ఏటా కొరికించుకుంటోంది, ఏటా కాలుతోంది. పైకి లేవడానికి దానికి కావలసింది నీళ్ళో ఎరువో కాదు, మూడు నాలుగేళ్ళు ఎవరూ ముట్టకుండా ఉండడం.

ముళ్ళకంపతో దడి కట్టాం. జనవరిలో గడ్డి పూర్తిగా ఎండకముందే మంట లోపలికి దాటకుండా చుట్టూ రెండు బారల వెడల్పున గడ్డి చెక్కి ఫైర్‌లైన్ తీశాం. అంతే. మొదటి ఏడు వచ్చినవి చూస్తే ఎవరికైనా కలుపే అనిపిస్తుంది: వెంపలి, పల్లేరు, ఉత్తరేణి. రెండో ఏడు గడ్డి పోచలు గుబుర్లుగా కట్టాయి. మూడో వానాకాలానికి తంగేడు పూసింది. చిగర మోళ్ళు మోకాలెత్తు దాటాయి. నాటని వేపలు మొలిచాయి. ప్రతి వేపా ఏదో ఒక రేగుకంప కిందే మొలిచింది. పిట్ట వచ్చి కంప మీద వాలి రెట్ట వేస్తుంది. గింజ కింద పడుతుంది. మేక మూతి ఆ ముళ్ళలోకి దూరదు. ఎండలో ఆ కాస్త నీడకు నేల చెమ్మ ఇంకో పది రోజులు నిలుస్తుంది. నేను వేలు ఖర్చుపెట్టి ట్రీగార్డులు కొంటే మొక్కలు చచ్చాయి. రేగుకంప ఒక్క రూపాయి అడగకుండా ఆ పని చేసింది. అంతకు రెండేళ్ళ ముందు చేను 'శుభ్రం' చేయిస్తున్నానని ఆ కంపల్నే కొట్టించాను.

నేల లోపల జరిగేది ఇంకా పెద్ద కథ. బోడి నేల మీద వాన చినుకు పడితే మట్టి రేణువులు చెదిరి, ఎండగానే పైన పెచ్చులా గట్టిపడుతుంది. తర్వాతి వాన లోపలికి దిగదు, జారిపోతుంది. గడ్డి ఉంటే చినుకు ముందు పోచ మీద పడుతుంది. పోచల కింద రాలిన చెత్తను తినడానికి చెదలు వస్తాయి. అవి తొలిచిన దారుల్లోంచి నీళ్ళు దిగుతాయి. ఇంట్లో గుమ్మాన్ని తినే చెదను తిట్టుకునే మనం, మిట్ట నేలను వాన పదునుకు తెరిచిపెట్టేది అదేనని గుర్తించం. మా చేను కింద పక్క రైతు బావిలో నీళ్ళు పెరిగాయని నేను చెప్పను, నాలుగెకరాలకు అంత గొప్ప ఉండదు. కానీ వాన వెలిసిన గంటకు మా గట్టు కింద పారే నీళ్ళ రంగు మారింది. అది నేను కళ్ళారా చూశాను.

మాది నాలుగెకరాలు. ఇదే పని వేల ఎకరాల్లో చేసిన మనుషులు మా జిల్లాలోనే ఉన్నారు. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బోడి నేల కొని బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ళ మిత్రులు తింబక్తు కలెక్టివ్ అనే సంస్థ మొదలుపెట్టారు. ఆ తర్వాత కొద్దికాలానికే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళతో కలిసి గుట్టల మీది ఉమ్మడి భూమిని కాపాడడానికి దిగారు. అదే కల్పవల్లి. అటు రొద్దం, ఇటు రామగిరి, చెన్నేకొత్తపల్లి మండలాల గుట్టల మీద దాదాపు 9,000 ఎకరాలు. కొన్నిచోట్ల గింజలు చల్లారు, మొక్కలూ పెట్టారు. అయినా అసలు పని కాపలానే. ఊరి మనుషులే కాపలాదారులు. వేసవి వస్తే రాత్రీ పగలూ మంట కోసం గుట్టల వైపు చూడడం, పొగ లేస్తే పచ్చి కొమ్మలు విరుచుకుని పరిగెత్తడం, నరకడానికి గొడ్డలితో వచ్చినవాళ్ళకు నచ్చజెప్పడం. ఇదంతా ఒక ఏడాది కాదు, ఇరవై ఏళ్ళు.

గుట్టల మీద ఈతచెట్లు వేలల్లో లేచాయి. ఈతాకుతో చాపలు, చీపుర్లు అల్లేవాళ్ళకు పని దొరికింది. బోద కోసుకుని ఇంటి కప్పులకు వేసుకున్నారు. కరువు ఏళ్ళలో దూరపు ఊళ్ళ మందలు కూడా అక్కడికే వచ్చాయి. తోడేలు తిరిగి వచ్చింది. మేకలు కాసేవాళ్ళకు తోడేలు అంటే సంతోషం కాదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ తోడేలు బతకాలంటే కుందేలు బతకాలి, కుందేలు బతకాలంటే గడ్డి నిలవాలి. అది వచ్చిందంటే కింద మెట్లన్నీ ఉన్నాయని లెక్క.

కల్పవల్లి ఫొటోలు చూసి కొందరు పెదవి విరుస్తారు. "ఇదేం అడవి, పొదలేగా" అంటారు. ఈ మాట దగ్గరే నాకు పేచీ. పచ్చదనం అనగానే మన కంటికి మన్యం కనిపిస్తుంది, కేరళ కనిపిస్తుంది. 1988 జాతీయ అటవీ విధానం దేశంలో మూడో వంతు చెట్ల కింద ఉండాలంది. అది దేశం మొత్తానికి పెట్టుకున్న లక్ష్యం. దాన్నే పట్టుకుని రాష్ట్రాలు కూడా 33 శాతం అని కూర్చున్నాయి. తెలంగాణ 2015లో హరితహారం మొదలుపెట్టినప్పుడు చెప్పిన లెక్కా అదే, 24 శాతం నుంచి 33కు. ఊళ్ళల్లో, రోడ్ల వెంట నీడ పెరిగిన చోట్ల నేనూ సంతోషించాను. కానీ తొందరగా పచ్చగా కనబడాలనే ఆత్రంలో ఊరూరా కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు నాటి, చివరికి దాన్ని ఇక నాటొద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. నర్సరీలో ఏది ఎక్కువగా ఉంటే అది నాటడం, ఎన్ని నాటామన్నది లెక్క రాసుకోవడం, ఎన్ని బతికాయన్నది వదిలేయడం మనకు అలవాటైపోయింది. జపాన్‌లో అకీరా మియావాకీ రూపొందించిన పద్ధతిలో చదరపు మీటరుకు మూడు మొక్కలకు తగ్గకుండా ఒత్తుగా నాటుతారు. వానలు పుష్కలంగా పడే చోట, ఊరి మధ్య చిన్న స్థలంలో అది బాగుంటుందేమో. 550 మిల్లీమీటర్ల వాన పడే మిట్ట మీద అది ట్యాంకర్ల అడవి అవుతుంది.

పొద అంటే తక్కువ చూపు చూసేవాళ్ళకు నేనెప్పుడూ కలివికోడి అనే పిట్ట సంగతి చెబుతాను. 1848లో పక్షుల మీద పరిశోధన చేసిన జెర్డాన్ దొర దాన్ని లోకానికి తెలియజేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర మళ్ళీ దొరికింది. పుస్తకాలు లేదన్న పిట్టను పట్టించినవాడు స్థానిక వేటగాడు. దాని ఉనికి మీద తర్వాత జరిగిన పరిశోధనల్లో తేలింది ఏమిటంటే, హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలున్న చోటే అది ఎక్కువగా తిరుగుతుంది. పొదల మధ్య పరిగెత్తడానికి బోడి నేల కావాలి. పొదలన్నీ కొట్టేస్తే దానికి చోటుండదు, సందు లేకుండా చెట్లు నాటినా ఉండదు. మియావాకీ లెక్కన హెక్టారుకు కనీసం ముప్పై వేల మొక్కలు. కలివికోడి బతికే మిట్ట మీద ఎవరైనా మంచి మనసుతో అంత అడవి పెంచితే, ఆ మంచి మనసే దాన్ని చంపుతుంది. అప్పటి కర్నూలు జిల్లా రోళ్ళపాడు గడ్డిమైదానాలకు 1988లో అభయారణ్యం హోదా ఇచ్చింది బట్టమేక పిట్ట కోసం. అదీ చెట్ల పిట్ట కాదు, గడ్డి పిట్ట. మన దగ్గర అతి అరుదైన రెండు పిట్టలూ రెవెన్యూవాళ్ళు 'పనికిరాని నేల' అనే చోట్లే బతికాయి.

మంచి మనసు నేలను ఎలా పాడుచేస్తుందో చూడాలంటే మా సీమలో దూరం పోనక్కర్లేదు. సర్కారు తుమ్మను చూడండి. చెరువు కట్టలూ వంకలూ బీళ్ళూ ఇప్పుడు దాని రాజ్యమే. 1870ల చివర్లో జమైకా నుంచి విత్తనం తెప్పించి మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖ కడప జిల్లా కమలాపురంలో నాటింది. మెట్ట ప్రాంతాల్లో వంటచెరకు లేదు, పచ్చదనం లేదు, ఏ కరువుకైనా నిలిచే చెట్టు కావాలన్నది అప్పటి ఆలోచన. నిజంగానే నిలిచింది. కాయలు పశువులు తిని పేడలో గింజలు పంచిపెట్టాయి. కొడితే నాలుగు పిలకలు వేస్తుంది. దాని కింద గడ్డి సరిగా రాదు. తీసేయాలంటే వేరు మొదలుతో పెకలించాలి, ఆ వెంటనే గడ్డి పట్టేలా చూసుకోవాలి. ఖాళీగా వదిలితే మళ్ళీ అదే వస్తుంది. మా చేను పడమటి మూల ఉన్న తుమ్మల్ని నేను ఒక్కసారిగా తీయించలేదు. ఊళ్ళో రెండు కుటుంబాలు ఆ కట్టెల మీదే వంట చేసుకుంటున్నాయి, బొగ్గు కాల్చుకుంటున్నాయి. ఏడాదికి కొంత తీస్తున్నాం, అది కూడా వాళ్ళ చేతే.

ఇక మొదట చెప్పిన మాట దగ్గరికి వస్తాను. ఎందుకంటే నేల బాగుపడడం ఒక ఎత్తు, బాగుపడ్డ నేల నిలవడం ఇంకో ఎత్తు.

1800లో నిజాం మా జిల్లాల్ని కంపెనీకి ధారాదత్తం చేశాక థామస్ మన్రో వచ్చి భూముల్ని కొలిపించాడు. శిస్తు వచ్చేది ఒక లెక్క, రానిది ఇంకో లెక్క. కంపెనీకి డబ్బులు రాలని నేల బంజరు, పోరంబోకు. ఆ నేల మీద మేసే గొర్రె, కోసుకునే గడ్డి, ఏరుకునే కట్టె ఏ ఖాతాలోకీ రావు. కంపెనీ పోయింది, దొరలు పోయారు, ఆ గడి మాత్రం పోలేదు. ఇవాళ్టికీ కేంద్రం వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్ అచ్చు వేస్తుంది. దానికి పటాలు గీసేది హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సెంటర్. 2019 అట్లాస్ ప్రకారం దేశంలో దాదాపు 5.58 కోట్ల హెక్టార్లు, అంటే సుమారు 17 శాతం నేల పనికిరానిది. అందులో పొదలున్న భూములకు ప్రత్యేకంగా తరగతులే ఉన్నాయి. అంతరిక్షం నుంచి ఫొటో తీసే సాంకేతికత వచ్చింది కానీ, తీసిన ఫొటో కింద రాసే మాట మాత్రం మన్రో నాటిదే.

మాటే కదా అనుకోవడానికి లేదు. ఇరవై ఏళ్ళు కాపలా కాసిన కల్పవల్లి రెవెన్యూ రికార్డుల్లో బంజరుగానే ఉండిపోయింది. అటవీ భూమి కాదు కాబట్టి అటవీ అనుమతులు అక్కర్లేదు. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో పవన విద్యుత్తు లేదు కాబట్టి ఆ అంచనా అక్కర్లేదు. అటవీ హక్కుల చట్టం అడవి భూమికే కాబట్టి ఊళ్ళవాళ్ళకు అదీ అందలేదు. 2010 ప్రాంతంలో గుట్టల మీద గాలిమరలు లేచాయి. మరల కంటే ఎక్కువ నష్టం వాటికోసం వేసిన రోడ్లు చేశాయి. పొడవాటి రెక్కలు మోసే లారీలు మలుపు తిరగాలంటే గుట్టను అంత వెడల్పున తొలచాలి. తొలిచిన మట్టి వంకల్లోకి జారింది. చెట్లు పోయాయి, మేత దారులు తెగాయి. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది.

గాలి కరెంటు వద్దని నేననను. బొగ్గు తగ్గాలని మనస్ఫూర్తిగా కోరుకునే మనిషిని. వేడి పెరిగితే ముందు మాడేది మా జిల్లానే. నేనడిగేది వేరే. అక్కడ ఏముందో చూసి, అక్కడివాళ్ళను అడిగి, ఆ తర్వాత నిర్ణయం తీసుకోవాలి కదా. 'బంజరు' అన్న మాట ఆ చూడడాన్నీ ఆ అడగడాన్నీ అవసరం లేకుండా చేసేస్తుంది. నంబులపూలకుంటలోనూ, కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ళల్లోనూ పరుచుకున్న సౌర పలకల కింద ఏ గడ్డి ఉండేదో, ఏ మంద మేసేదో ఏ రికార్డు చూసి తెలుసుకుంటాం? చూడడానికి గడే లేదు.

అందుకే నేల పునరుద్ధరణ అంటే మొక్కల పని అని ఎవరన్నా నాకు ఒప్పుదల కాదు. సగం పని మట్టిలో ఉంది, సగం పని కాగితంలో ఉంది. గుట్టనూ మిట్టనూ కాపాడిన ఊరికి ఆ కాపలా మీద హక్కు రాసివ్వాలి. అడంగల్‌లో గడ్డిభూమి, పొదభూమి, మేతభూమి అని గడులు పెట్టాలి. ఏటా అచ్చయ్యే ప్రగతి నివేదికల్లో నాటిన మొక్కల సంఖ్య పక్కన మూడేళ్ళ తర్వాత బతికున్నవి ఎన్నో కూడా రాయాలి. ఉపాధి హామీ కింద గుంతలు తీసినందుకు కూలి ఇస్తున్నారు. వేసవిలో మంటలు ఆర్పే మనిషికీ ఫైర్‌లైన్ చెక్కే మనిషికీ గుంతలు తీసినంత గౌరవంగా కూలి ఇవ్వాలి. కాపలా కూడా పనే. చేసినవాళ్ళకు తెలుసు అది ఎంత పనో.

దీనికి ఎదురుగా ఒక ప్రశ్న ఉంది, దాన్ని దాటేసి పోలేను. దడి కడితే మేకలెక్కడికి పోవాలి? మా చేను చుట్టూ ముళ్ళు వేసిన ఏడు మా ఊరి కాపరి ఒకాయన నన్ను నిలేశాడు. "మీకు ఉద్యోగముంది మా, మాకు ఇవే గదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నాలుగెకరాలు మూస్తే ఆయన ఇంకో నాలుగు కిలోమీటర్లు నడవాలి, ఆ మేకలు ఇంకో గుట్టను నాకేస్తాయి. చిన్నాయనే మధ్యలో పడి దారి చెప్పాడు. మొదటి మూడేళ్ళు మందలు రాకూడదు, కానీ గడ్డి కోసుకుపోవచ్చు. నాలుగో ఏటి నుంచి కార్తీకం దాటాక, గడ్డి గింజ రాల్చాక, మేకలు కాకుండా గొర్రెల్ని తోలుకోవచ్చు. చేలో రెండు భాగాలు, ఏడాదికొకటి. ఇప్పుడు ఆ కాపరే ఫైర్‌లైన్ దగ్గర అందరికంటే ముందుంటాడు. గొర్రెలు తొక్కిన చోట గింజ మట్టిలోకి దిగి మొలక బాగా వస్తోందని నాకు చూపించింది కూడా ఆయనే. మనుషుల్నీ మందల్నీ పూర్తిగా బయటికి నెట్టిన నేల మా వైపు ఎక్కువకాలం నిలవదు. వాళ్ళు కోపంతో ఒక్క అగ్గిపుల్ల గీస్తే పదేళ్ళ పని ఒక మధ్యాహ్నం పోతుంది.

ఈ ఏడు వానలు వెనక పట్టాయి. గడ్డి ఎత్తుగా లేచింది, అంటే ఎండితే మంటకు అంత మేత. చిన్నాయనకు మోకాళ్ళ నొప్పులు, పార పట్టుకుని వంగలేడు. నిన్న ఫోన్ చేసి, "సంక్రాంతికి వస్తాండావా లేదా? ఉత్తరం గట్టు ఇంగా సెక్కల్లేదు" అన్నాడు. వస్తున్నానని చెప్పాను. ఈసారి ఆయన గట్టు మీద కూర్చుంటాడు, కాపరీ నేనూ చెక్కుతాం. వచ్చేటప్పుడు ఆ అడంగల్ కాగితం కూడా తెమ్మన్నాడు, దాంట్లో ఏం రాశారో చదివి వినిపించాలట.